తిరగరాత

"సంతకం పెట్టనంటే పెట్టను. మీరూ అదే అడగడానికి వచ్చుంటే, వచ్చిన మెట్లమీదే దిగి వెళ్ళండి."

మధ్యాహ్నం రెండుంబావుకి తలుపు సగం తీసి అచ్చులక్క అన్న మొదటి మాట ఇది. దస్తూరమ్మ నొచ్చుకోలేదు. మూడంతస్తులు ఎక్కి వచ్చినందువల్ల ముందు ఊపిరి కూడదీసుకుని, ఆ తరువాతే జవాబు చెప్పింది.

"అడగడానికి కాదమ్మా, చూడడానికి వచ్చాను. కళ్ళ డాక్టరమ్మ పంపింది."

తలుపు పూర్తిగా తెరుచుకుంది.

దస్తూరమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు న్యాయస్థానాలకు చేతిరాతలు పరీక్షించి పెట్టిన మనిషి. ఉద్యోగం వదిలాక కూడా ఆ పనీ, దస్తూరి అంటే చేతిరాత కాబట్టి వచ్చిన ఆ మారుపేరూ ఆమెను వదలలేదు. ఈసారి ఆమెను ఇక్కడిదాకా రప్పించింది ఒక అంకె: పన్నెండు.

అచ్చులక్క 'మూసిన కొట్లు' అనే బొమ్మను చెక్కపలకమీద చెక్కి, చేత్తో అచ్చువేసి, ముప్పై ప్రతులతో ఆపేసింది. ప్రతి కాగితం అడుగునా పెన్సిలుతో వరస అంకె వేసి, సంతకం చేసింది. మొదటి పదిహేను ప్రతులు గ్రంథాలయం ముందు పేవ్‌మెంటుమీద తానే అమ్ముకుంది. మిగతా పదిహేను గ్యాలరీకి ఇచ్చింది. పన్నెండో ప్రతిని పేవ్‌మెంటుమీద కొన్న డాక్టరమ్మకు, పోయిన వారం గ్యాలరీ గోడమీద అదే బొమ్మ, అదే సంతకం, అదే పన్నెండు కనిపించాయి. ఆవిడ ఆశ్చర్యపోయి యజమానిని అడిగింది. యజమాని ఏమాత్రం ఆశ్చర్యపోకుండా అచ్చులక్క పేరు చెప్పాడు. ముప్పై ప్రతులూ తనకే అప్పగించి, ఆ వెనక దొంగచాటుగా ఇంకొన్ని వేసి వీధిలో అమ్ముకుందన్నాడు.

రేపు పదకొండు గంటలకు చిత్రకారుల సంఘం ఈ తగువు తేలుస్తుంది. ఈలోగా తప్పు ఒప్పుకుంటూ సంతకం చేస్తే ఆ బొమ్మమీద హక్కు గ్యాలరీకి పోతుంది. చెయ్యకుండా, నిర్దోషినని రుజువూ చూపించలేకపోతే సంఘంలోంచి పేరు పోతుంది. పేరుతోపాటు పేవ్‌మెంటుమీద చోటు పోతుంది.

"ప్రెస్సు ఎక్కడుంది?" అని అడిగింది దస్తూరమ్మ.

గదిలో ఒక బల్ల, ఒక అల్మరా, కిటికీకీ అల్మరాకీ మధ్య కట్టిన తాడు, ఆ తాడుకు బట్టల క్లిప్పులతో వేలాడే కాగితాలు తప్ప మరేమీ లేవు. అచ్చులక్క బల్లమీద నుంచి ఒక చెక్క గరిటె తీసి చూపించింది.

"ఇదేనండీ ప్రెస్సు."

"ఆ గరిటె నాది!" వంటగదిలోంచి ఒక గొంతు వినిపించింది. "మూడేళ్ళ కిందట చూసిస్తానని పట్టుకుపోయింది. ఇంకా చూస్తూనే ఉంది."

"మా పిన్ని," అంది అచ్చులక్క. "గరిటె విషయంలో ఆవిడా నామీద కేసు పెట్టేలా ఉంది."

"ఒక కాగితానికి ఎంతసేపు పడుతుంది?"

"ముప్పై ఐదు నిమిషాలు. రోజుకు రెండే. మూడోది మొదలుపెడితే భుజం నాతో మాటలు మానేస్తుంది."

"ఒకటి వేసి చూపించు."

అచ్చులక్క చిన్న పలకమీద రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వీపుతో రుద్దడం మొదలుపెట్టింది. దస్తూరమ్మ చూపు బొమ్మమీద లేదు. గరిటె వెళ్ళే దారిమీద ఉంది.

"ఆ మూల వదిలేశావేం?"

"అక్కడ తెలుపు కదండీ. తెల్లచోట ఎవరు రుద్దుతారు? నా చెయ్యేమైనా ఊరికే వచ్చిందా?"

దస్తూరమ్మ కాగితం తీయించి, వెనక్కి తిప్పి, కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. సిరా అంటిన మేర మాత్రమే వెనకవైపు సన్నగా మెరుస్తోంది. అంచులూ, తెల్లచోట్లూ కొత్త కాగితంలాగే కాంతి లేకుండా ఉన్నాయి. ఆమె పుస్తకంలో ఒక వాక్యం రాసుకుని, దాని కింద రెండు గీతలు గీసింది.

"పలకమీద ఈ అక్షరాలు?"

"తిరగరాత. ఇక్కడ తిరగేసి చెక్కితేనే కాగితంమీద తిన్నగా పడతాయి. ఇప్పుడు అలవాటైపోయి, చేతిరాత కన్నా తిరగరాతే తొందరగా వస్తోంది." అచ్చులక్క పాత పేపరు అంచుమీద, చెయ్యి ఎత్తకుండా, కుడినుంచి ఎడమకు ఏదో గిలికింది. అది అక్షరాల్లా లేదు, అల్లికలా ఉంది. దస్తూరమ్మ సంచిలోంచి చిన్న అద్దం తీసి పక్కన పెట్టింది. 'గరిటె ఇంక తిరిగి రాదు, పిన్నికి చెప్పకండి' అని ఉంది.

దస్తూరమ్మ నవ్వాపుకుంది. "పొద్దున్న డాక్టరమ్మ దగ్గరా ఇలాంటి రాతే చూశాను. గది ఇరుకు. అందుకని చూపు పరీక్షకు అక్షరాల పట్టిక తిరగేసి రాయించి, ఎదురుగోడ అద్దంలో చదివిస్తుంది." ఆ వెంటనే ఆమె గొంతు మారింది. "ఆవిడ దగ్గరున్న పన్నెండో ప్రతిని భూతద్దంతో చూశాను. చంద్రుడికి ఎడమపక్క, నల్లటి ఆకాశంలో ఒక సన్నని తెల్లగీత ఉంది. కొక్కెంలా వంగి ఉంది. అదేమిటి?"

"పిన్ని."

"ఏమిటీ?"

"పిన్ని వెంట్రుకండీ. నేను సిరా పూస్తుంటే పక్కనే కూర్చుని తల దువ్వుకుంది. చూడకుండా కాగితం వేసేశాను. తీసేసరికి ఆకాశంలో ఉంది."

"ఊడిన వెంట్రుక ఎటు పోయిందో నాకేం తెలుసు?" అంటూ పిన్ని మంచినీళ్ళ గ్లాసుతో వచ్చింది. "ఈ పిల్లతో కాపురం చేస్తే తలమీద మిగిలేవి ఎన్ని?" గ్లాసు బల్లమీద పెట్టి, దస్తూరమ్మ జుట్టువంక సానుభూతిగా చూసి వెళ్ళిపోయింది.

"పాడైన ప్రతికి అంకె ఎందుకు వేశావు?"

"ఇంకో కాగితం లేక. పుస్తకాలు బైండు చేసేవాళ్ళ దగ్గర మంచి కాగితం కత్తిరింపులు ముప్పై రెండే దొరికాయి. రెండు ముందే పాడుచేశాను. అందుకని వెంట్రుకతోనే పన్నెండు అని వేసి, ఆ సంగతి చెప్పే అమ్మాను. డాక్టరమ్మ నవ్వి, అయితే అదే కావాలంది."

"పదమూడో ప్రతిలో ఆ గీత ఉంటుందా?"

"ఎలా ఉంటుందండీ, వెంట్రుక తీసి పారేశాక?"

దస్తూరమ్మ మరో వాక్యం రాసుకుంది. దాని కింద మూడు గీతలు పడ్డాయి. ఆ పన్నెండో ప్రతికి డాక్టరమ్మ ఫ్రేము కట్టించింది గ్యాలరీ వెనకగదిలోనే. అరగంట పనికి తొమ్మిది రోజులు ఉంచుకున్నారని ఆవిడ పొద్దున్న చెప్పింది.

"అసలు పలక ఏది?"

"ముప్పై అయ్యాక నాలుగు ముక్కలు కోసేశాను. వెనకవైపు ఖాళీయే కదా, చిన్న కార్డులకు పనికొస్తుందని. పలక చూపించమంటే ఇదే చెప్పాను. గ్యాలరీ తరఫున సంతకాలు పరీక్షించిన కోటుబాబు పెద్దగా నవ్వాడు." అచ్చులక్క అల్మరాలోంచి మూడు ముక్కలు తీసింది. నాలుగోదాని కోసం గదంతా వెతికి, చివరికి వంగి బల్లకాలి కిందనుంచి లాగింది. బల్ల పక్కకు ఒరిగి, గ్లాసు జారింది.

"ఇదేనండీ ఆకాశం."

దస్తూరమ్మ ఆ ముక్కను భూతద్దం కింద అంగుళం అంగుళం చూసింది. చంద్రుడు ఉన్నాడు. పక్కన గీత లేదు. గీతను పూడ్చిన జాడా లేదు.

"సంచిలో వేసుకో," అంది. "బయల్దేరదాం."

నాలుగు గంటలకు పది నిమిషాలుండగా ఇద్దరూ గ్యాలరీలో అడుగుపెట్టారు. ముప్పై ప్రతుల్లో ఎన్ని మిగిలితే అన్నీ చూడవచ్చని సంఘం కార్యదర్శి రాసిచ్చిన అనుమతి దస్తూరమ్మ చేతిలో ఉంది. యజమాని మెత్తని మనిషి, మెత్తగానే చదివాడు. అతని పక్కన కుర్చీలోంచి కోటుబాబు లేచాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పనివాడు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు ఆరేళ్ళు దస్తూరమ్మ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు సొంతంగా నివేదికలు రాస్తున్నాడు. రెండు పన్నెండులమీదా ఉన్న సంతకం ఒకే చేతిదని ధ్రువీకరించింది అతనే.

"రండి గురువుగారూ! పేవ్‌మెంటు కేసులు కూడా పట్టుకుంటున్నారా?"

"నువ్వు పట్టగా మిగిలినవి అవే నాయనా."

"సంతకం ఈవిడదేనని తేల్చేశానుగా. ఇంక చూసేదేముంది?"

"వెనకవైపు."

"దేనికి?"

"కాగితానికి రెండు వైపులుంటాయి. ఆరేళ్ళు మొత్తుకున్నాను. ఏ కాగితాన్నీ తిప్పి చూడవు నువ్వు."

గ్యాలరీలో మిగిలిన ప్రతులు నాలుగే: నాలుగోది, ఏడోది, పన్నెండోది, ఇరవై రెండోది. యజమాని వాటిని గోడమీంచి దించి, వెనక అట్టలు విప్పాడు. దస్తూరమ్మ ఒక్కొక్కటే దీపానికి ఏటవాలుగా పట్టింది. ఇరవై రెండు వెనకవైపు చంద్రుడు కాంతి లేని వలయంలా కనిపించాడు. అంచులు మామూలుగా ఉన్నాయి. మిగతా మూడూ ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకే తీరుగా మెరిశాయి.

"ఈ మూడూ ప్రెస్సుమీద తీసినవి," అంది. "తీశాక, చేత్తో వేసినట్టు కనబడాలని గరిటెతో మెరుగుపెట్టారు. చేత్తో అచ్చువేసేవాళ్ళు రుద్దుతారని మీకు తెలుసు. ఎక్కడ రుద్దరో తెలియదు."

అచ్చులక్క ముందుకు వంగి చూసి, పకపకా నవ్వింది. "నా చంద్రుణ్ణి కూడా రుద్దేశారా! అంచులు కూడానా! ఎంత ఓపికండీ మీది, జీతమిచ్చి పెట్టుకుందును!"

"కాగితం మెరుపు సాక్ష్యం కాదు," అన్నాడు కోటుబాబు.

"అయితే ముందువైపే చూడు. ఈ మూడింట్లోనూ చంద్రుడి పక్కన తెల్లగీత ఉంది. ఇరవై రెండులో లేదు."

"పలకమీద గీత పడుంటుంది. తరువాత మైనంతో పూడ్చుకుని ఉంటుంది."

దస్తూరమ్మ చెయ్యి చాపింది. అచ్చులక్క సంచిలోంచి ఆకాశం ముక్క తీసి ఆ చేతిలో పెట్టింది.

"ఇదిగో పలక. గీత లేదు, మైనం లేదు. ఎందుకంటే అది గీత కాదు, వెంట్రుక. పన్నెండో ప్రతిమీద మాత్రమే, ఒక్కసారే పడింది. ఆ ప్రతి తొమ్మిది రోజులు మీ ఫ్రేముల గదిలో ఉంది. దాన్ని ఫొటో తీసి, యంత్రంతో కొత్త పలక చెక్కించారు. ఏది బొమ్మో ఏది వెంట్రుకో యంత్రానికి తెలియదు కాబట్టి, పిన్నిగారి వెంట్రుకను కూడా భక్తిగా చెక్కింది. ఆ పలకతో మొదటి పదిహేను అంకెలూ మళ్ళీ పుట్టించారు. రెండు పన్నెండులు ఎదురుపడే రోజు వస్తుందని మీరు అనుకోలేదు. వచ్చేసరికి నేరాన్ని ఈ అమ్మాయిమీదకు తోశారు."

యజమాని బొమ్మలవైపు చూడలేదు. కోటుబాబువైపు చూశాడు. ఆ చూపు దస్తూరమ్మ గమనించింది గాని, దాని అర్థం తేలకముందే ఆమె ఫోను మోగింది. గోడగడియారంలో నాలుగూ ముప్పై రెండు.

"బొమ్మ చేరిందా అండీ?" అంది డాక్టరమ్మ.

"ఏ బొమ్మ?"

"మీరు చీటీ ఇచ్చి మనిషిని పంపారుగా, పన్నెండో ప్రతి ఇచ్చి పంపమని. నాలుగూ ఐదుకి ఇచ్చేశాను. అనుమానం వచ్చి, పొద్దున్న మీరు రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి మరీ చూశాను. అదే రాత. 'ళ'కి మీరు లాగే తోకతో సహా."

దస్తూరమ్మ ఫోను పెట్టేసింది. ఒకరి రాతను పట్టుకోవాలంటే ముందు ఆ రాతను చేతికి ఎక్కించుకోవాలని ఆమె శిష్యులకు చెప్పేది. అభ్యాసానికి తన రాతనే ఇచ్చేది. నేర్చుకున్నవాళ్ళు ఐదుగురు. ఏది తన రాతో తనకే తెలియనంత బాగా దించినవాడు ఒక్కడు.

"సంతకాలు ఒకే చేతివని నువ్విచ్చిన నివేదిక పొరపాటనుకున్నాను," అందామె మెల్లగా. "పొరపాటు కాదు. ఆ దొంగ సంతకాలు దించిందీ నువ్వే. నీ పనికి నువ్వే యోగ్యతాపత్రం రాసుకున్నావు."

"మీరు నేర్పిన విద్యే గురువుగారూ. మీకు అనుమతి దొరికిందని తెలియగానే చీటీ రాసి పంపాను." కోటుబాబు ఆమె చేతిలోంచి ఫోనూ, పలక ముక్కా రెండూ తీసుకున్నాడు. అదే క్షణంలో యజమాని గోడమీది మీట నొక్కాడు. ముందుతలుపు షట్టరు గరగరమంటూ నేలదాకా దిగింది.

"ఇప్పుడు లెక్క తిన్నగా చూద్దాం," అన్నాడు కోటుబాబు. "డాక్టరమ్మ బొమ్మను మాయం చేసింది మీ చీటీ. అంచేత మీ సాక్ష్యం దొంగ సాక్ష్యం. పలక నా దగ్గరుంది. ఇంక మిగిలింది ఈ కాగితం." ఒప్పుకోలుపత్రాన్ని బల్లమీద పరిచాడు. వెనకగది గుమ్మం పక్కనున్న, ఫ్రేము చెక్కలు కోసే కత్తి పిడిమీద యజమాని చెయ్యి వేశాడు. "చేతులతో బతికేవాళ్ళు చేతుల్ని జాగ్రత్తగా చూసుకోవాలి, అచ్చులక్కా," అన్నాడు మెత్తగానే.



"పెన్నివ్వండి," అంది అచ్చులక్క.

"వద్దమ్మా!" అంది దస్తూరమ్మ.

"నా చేతులండీ. నా ఇష్టం."

ఆమె వంగి, స్పష్టంగా సంతకం చేసింది. ఆ తరువాత, చెయ్యి ఎత్తకుండా, సంతకం కింద ఆ చివరనుంచి ఈ చివరకు సన్నని తీగ ఒకటి అల్లింది. సున్నాలు, వంపులు, మెలికలు, తలకట్లు.

"సంతకానికి పూలతీగ కూడానా!" అన్నాడు యజమాని.

"ఇచ్చుకునే బొమ్మకి ఆఖరి సంతకం కదండీ. అందంగా ఉండొద్దూ?"

కోటుబాబు సంతకాన్ని భూతద్దంతో, గీతకు గీత పరీక్షించాడు. అసలైన సంతకమే. అతనికి కావలసింది అంతవరకే. తీగమీద అతని చూపు ఆగలేదు. యజమాని చూడాలని కాగితాన్ని గోడవైపు తిప్పి ఎత్తిపట్టాడు. ఫ్రేముతో సహా గోడకు ఆనించి ఉన్న ఏడో ప్రతిలో ఆకాశం నలుపు. ఆ నలుపువల్ల దాని ముందున్న గాజు అద్దంలా పనిచేస్తోంది. అతని భుజంమీదుగా దస్తూరమ్మకు ఆ గాజులో తీగ కనిపించింది. కనిపించినంతలో తీగ విడిపోయి అక్షరాలైంది.

'తలుపులు మూసి, చేతులు కోస్తామని బెదిరించి పెట్టించారు. ఒప్పుకోను.'

దస్తూరమ్మ వెంటనే చూపు దించుకుంది. ఓడిపోయిన ముసలిదానిలా కనబడడం ఆ క్షణంలో ఆమెకు అవసరం.

"షట్టరు తియ్యండి మరి," అంది.

"తీస్తాం. రేపు పన్నెండు దాటాక." కోటుబాబు కాగితాన్ని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. "అందాకా ఇద్దరూ ఫ్రేముల గదిలో విశ్రాంతి తీసుకోండి. పిన్నిగారు కంగారుపడకుండా చీటీ వెళ్తుంది, మీ రాతలోనే. పదకొండుకి ఈ పత్రం సంఘం ముందు నేనే స్వయంగా పెడతాను."

వాళ్ళను లోపలికి నెట్టి, బయటనుంచి గడియ వేశారు. చెక్కపొట్టు వాసన మధ్య, ఫ్రేముల దొంతరమీద అచ్చులక్క కూలబడింది.  

"చదివారా?"

"చదివాను."

"కాగితం వెళ్తుంది సరే. అక్కడ చదివేవాళ్ళు ఎవరండీ? అందరూ తిన్నగా చూసేవాళ్ళే."

దస్తూరమ్మ గడియపడ్డ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, ఒక శిష్యుడి నిర్లక్ష్యంమీద ఆమెకు కోపం రాలేదు.

"పన్నెండో ప్రతి కొన్న మనిషిగా డాక్టరమ్మ రేపు అక్కడ ముందువరసలో కూర్చుంటుంది," అంది. "ఆవిడ రోజూ చదివించేది తిరగరాతే."